వోల్టేజీ పెంచాలా, బర్న్-ఇన్ చేయాలా? మన ఎండల్లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ సరిగ్గా చేసే పద్ధతి

"మావయ్యా, కొత్త ప్రాసెసర్‌ని రెండు రోజులు ఫుల్ లోడ్ మీద ఉంచితే సెట్టవుద్దంట కదా? ఆ తర్వాత ఎక్కువ స్పీడ్ ఎక్కుద్దంట!"

కానూరులో హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతున్న మా మేనల్లుడు అడిగిన మాట ఇది. విజయవాడ, గుంటూరుల నుంచి ఇంకా చాలామంది ఇదే అడుగుతున్నారు. దాని వెనకాలే రెండో ప్రశ్న కూడా వస్తుంది: వోల్టేజీ పెంచుతూ పోతే స్పీడ్ పెరుగుతూనే ఉంటుందా? మేనల్లుడు చెప్పిన ఆ రెండు రోజుల ఫుల్ లోడ్‌నే బర్న్-ఇన్ అంటున్నారు. కంపెనీ పెట్టిన దానికంటే ఎక్కువ స్పీడ్‌తో ప్రాసెసర్‌ని నడపడం ఓవర్‌క్లాకింగ్.

జవాబు ముందే చెబుతాను. వోల్టేజీ పెంచితే స్పీడ్ పెరుగుతుంది, కాకపోతే పుట్టిన వేడిని మీ కూలర్ తీసేయగలిగినంత వరకే. బర్న్-ఇన్ వల్ల మాత్రం చిప్ మెరుగుపడదు. ఎక్కువ వోల్టేజీతో, ఎక్కువ వేడితో చేస్తే కొంచెం అరుగుతుంది కూడా. ఎందుకో మొదటి విభాగంలో ఉంది. పని ఎలా చేయాలో మిగతా వాటిలో ఉంది.

## 1. చిప్ లోపల జరిగేది

ప్రాసెసర్‌లో కోట్ల కొద్దీ ట్రాన్సిస్టర్లు సెకనుకు కొన్ని వందల కోట్ల సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. స్పీడ్ పెంచామంటే ఒక్కో పనికి ఇచ్చే సమయం తగ్గించామన్నమాట. ఆ సమయంలోపు పని పూర్తికాకపోతే లెక్క తప్పుతుంది, సిస్టమ్ హ్యాంగ్ అవుతుంది. వోల్టేజీ పెంచితే ట్రాన్సిస్టర్ ఇంకా చురుగ్గా తెరుచుకుంటుంది కాబట్టి తక్కువ సమయంలో కూడా పని అందుతుంది. వోల్టేజీ పెంచడం వల్ల వచ్చే లాభం ఇంతే.

దీనికి కట్టే మూల్యం వేడి. చిప్ తినే పవర్ (వాట్లు) స్పీడ్‌తో సమానంగా పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం వర్గం లెక్కన పెరుగుతుంది. 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర 1.20 వోల్టులతో నడిచే చిప్‌ని 1.30 వోల్టులతో 5.0కి తీసుకెళ్లామనుకోండి. స్పీడ్ పెరిగింది 11 శాతం, వేడి పెరిగింది సుమారు 30 శాతం. వేడెక్కిన కొద్దీ లీకేజీ కరెంటు (ట్రాన్సిస్టర్ మూసి ఉన్నా కారిపోయేది) కూడా పెరుగుతుంది కాబట్టి అసలు పెరుగుదల అంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఇక బర్న్-ఇన్. ఈ మాట ఫ్యాక్టరీల నుంచి వచ్చింది. తయారీదారులు చిప్‌లను ఎక్కువ వేడి, ఎక్కువ వోల్టేజీ కింద కొంతసేపు నడిపి, తొందరగా చచ్చిపోయే బలహీనమైన వాటిని ముందే ఏరేస్తారు. అది ఏరివేత. బతికి బయటపడ్డ చిప్ ఆ పరీక్ష వల్ల బలపడదు.

కొత్త బండిని మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా తోలాలని మెకానిక్ చెబుతాడు. అక్కడ పిస్టన్, సిలిండర్ ఒకదానికొకటి రాసుకుని సర్దుకుంటాయి. చిప్‌లో రాసుకునే భాగాలే లేవు. వేడీ వోల్టేజీ కలిసి ఎక్కువ కాలం పని చేస్తే జరిగేది తరుగుదలే. ట్రాన్సిస్టర్ తెరుచుకోవడానికి కావాల్సిన కనీస వోల్టేజీ మెల్లగా పెరుగుతుంది, సన్నని లోహపు తీగల్లో పరమాణువులు చోటు కదులుతాయి. నిన్న 1.28తో నడిచిన స్పీడ్‌కి కొన్నాళ్ల తర్వాత 1.30 కావాల్సి వస్తుంది.

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల గొడవ గుర్తుందా? అధిక వోల్టేజీ, వేడి వల్ల చిప్‌లోని ఒక సర్క్యూట్ అరిగి, చిప్‌కు కావాల్సిన కనీస వోల్టేజీ పెరిగిపోతోందని 2024లో ఆ సంస్థే చెప్పింది. మైక్రోకోడ్ (చిప్ లోపలి ప్రోగ్రామ్) మార్పులు విడుదల చేసి, బాక్స్‌లో అమ్మిన ప్రాసెసర్లకు వారంటీ మరో 2 ఏళ్లు పెంచింది. వోల్టేజీ, వేడి చిప్‌ని "సెట్" చేసేవైతే ఆ చిప్‌లు రోజురోజుకీ మెరుగుపడాలి. జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

మరి "బర్న్-ఇన్ చేశాక నాకు 100 మెగాహెర్ట్జ్ ఎక్కువ వచ్చింది" అనేవాళ్లు అబద్ధం చెబుతున్నారా? లేదు. వాళ్లు చూసిన మార్పు నిజమే, కారణమే వేరు. కొన్ని రకాల థర్మల్ పేస్ట్‌లు (ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసేవి) కొన్ని రోజులు వేడెక్కి చల్లారాక సర్దుకుంటాయి, అప్పుడు రెండు మూడు డిగ్రీలు తగ్గొచ్చు. లేదా మొదటి పరీక్ష మధ్యాహ్నం, రెండోది తెల్లవారుజామున చేసి ఉంటారు. లేదా మధ్యలో బయోస్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) మార్చి ఉంటారు. 8వ విభాగంలో ఇది మీరే తేల్చుకునే పద్ధతి ఇచ్చాను.

## 2. మీ సిస్టమ్‌లో ఇది కుదురుతుందా

ఇంటెల్‌లో అయితే ప్రాసెసర్ పేరు చివర "కె" (లేదా కెఎఫ్, కెఎస్) ఉండాలి, మదర్‌బోర్డు జెడ్ సిరీస్ చిప్‌సెట్‌ది కావాలి. ఏఎండీ రైజెన్‌లో చాలావరకు అన్నీ తెరిచే ఉంటాయి, బోర్డు బీ లేదా ఎక్స్ సిరీస్‌ది కావాలి. ఏ520, ఏ620, బీ840 బోర్డుల మీద ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ కుదరదు. రైజెన్ 7 5800ఎక్స్3డీ లాంటి వాటిలో మల్టిప్లయర్‌కి (స్పీడ్ పెంచే సెట్టింగుకి) తాళం వేసి ఉంటుంది. ల్యాప్‌టాప్ అయితే ఈ గైడ్ మీకోసం కాదు.

## 3. గది, గాలి, కరెంటు: ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి

ఇంగ్లిష్ వీడియోల్లో చూపించే సెట్టింగులు మన దగ్గర ఫెయిలవడానికి పెద్ద కారణం గది వేడి. కూలర్ చేయగలిగింది చిప్ వేడిని గది గాలిలోకి వదలడం ఒక్కటే. గది 10 డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా ఇంచుమించు 10 డిగ్రీలు వేడెక్కుతుంది.

నా సంగతే చెబుతాను. మా ఇంట్లో కంప్యూటర్ డాబా కింద గదిలో ఉంటుంది. సంక్రాంతి సెలవుల్లో రాత్రి పూట, గది 24 డిగ్రీలు ఉన్నప్పుడు, కోర్ ఐ5-12600కెని 5.1 గిగాహెర్ట్జ్‌కి సెట్ చేశాను. పూర్తి లోడ్‌లో 84 డిగ్రీలు. చాలా సంతోషపడ్డాను. రోహిణి కార్తె వచ్చేసరికి మధ్యాహ్నం గది 38కి చేరింది, చిప్ 98 దాటింది. ఆ ప్రాసెసర్ హద్దు 100. వీడియో రెండర్ మధ్యలో బ్లూ స్క్రీన్ వచ్చి మూడు గంటల పని పోయింది. సెట్టింగు ఒక్కటి కూడా మార్చలేదు, మారింది ఎండ మాత్రమే.

కాబట్టి పరీక్షలు మీ గది అత్యంత వేడిగా ఉండే వేళలోనే చేయండి. చలికాలంలో చేస్తుంటే వేసవికి 12 నుంచి 15 డిగ్రీలు మిగులు ఉంచుకోండి. ఏసీ గదిలో వాడేవాళ్లు ఏసీ ఆపి ఒకసారి పరీక్షించాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు ఏసీ ఉండదు కదా.

దుమ్ము సంగతి కూడా చూడాలి. బందరు రోడ్డుకో ఏలూరు రోడ్డుకో దగ్గరగా ఇల్లు ఉంటే రెండు మూడు నెలలకే ఫిల్టర్లు మూసుకుపోతాయి. బ్లోయర్‌తో కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి, గాలికి అతి వేగంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

కరెంటు గురించి ఒక అపోహ ఉంది. ఇంటి కరెంటు 230 నుంచి 210కి పడిపోతే ప్రాసెసర్ వోల్టేజీ కూడా పడిపోతుందని కొందరు స్టెబిలైజర్ కొంటున్నారు. మంచి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌లోని పవర్ సప్లై) ఆ హెచ్చుతగ్గుల్ని తనే సర్దుకుంటుంది, ప్రాసెసర్‌కి వెళ్లే వోల్టేజీని మదర్‌బోర్డు మళ్లీ విడిగా తయారు చేస్తుంది. మీకు అసలు కావాల్సింది సరైన ఎర్తింగ్, యూపీఎస్. బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు తిరిగి లేవకపోవచ్చు.

మొదలుపెట్టే ముందు ఇవి సరిచూసుకోండి:

- కేబినెట్ ఫిల్టర్లు, కూలర్ రెక్కలు శుభ్రం చేశారా
- కేబినెట్ గోడకు కనీసం జానెడు దూరంలో ఉందా
- థర్మల్ పేస్ట్ రెండు మూడేళ్ల కిందటిదైతే తీసి కొత్తది పూశారా
- యూపీఎస్ మీద పెట్టి బయోస్ కొత్త వెర్షన్‌కి మార్చారా (ఇంటెల్ 13, 14 తరాల వాళ్లు 2024 సెప్టెంబరు తర్వాత వచ్చిన బయోస్ తప్పనిసరిగా వేయాలి)
- ప్రాజెక్టు ఫైళ్లు, ఫొటోలు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేశారా
- గదిలో మామూలు థర్మామీటరు ఒకటి పెట్టారా
- ఒక నోటుపుస్తకం, పెన్ను పక్కన ఉన్నాయా

చివరి రెండూ చిన్నవిగా కనిపిస్తాయి. అవి లేకపోతే మీకు వచ్చిన ఫలితం దేనివల్ల వచ్చిందో ఎప్పటికీ తెలియదు.

## 4. ఏమీ మార్చకముందు లెక్క రాసుకోండి

బయోస్‌లో డిఫాల్ట్ సెట్టింగులు లోడ్ చేయండి. ర్యామ్ స్పీడ్ పెంచే ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ ఆపేయండి, లేకపోతే ర్యామ్ వల్ల వచ్చిన ఎర్రర్ ప్రాసెసర్ మీదకు నెట్టేస్తాం. బోర్డు తనంతట తానే స్పీడ్ పెంచే మల్టీకోర్ ఎన్‌హాన్స్‌మెంట్ లాంటివి కూడా ఆపండి.

వేడి, వోల్టేజీ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి పెట్టి, ప్రాసెసర్‌కి లోడ్ ఇచ్చి స్కోరు చెప్పే సినీబెంచ్ ఆర్23 పది నిమిషాల పరీక్ష నడపండి. గది వేడి, చిప్ అత్యధిక వేడి, లోడ్‌లో ఉన్న వీకోర్ (ప్రాసెసర్ కోర్లకు అందే వోల్టేజీ), వాట్లు, స్కోరు రాసుకోండి. డిఫాల్ట్‌లోనే 90 దాటుతుంటే అక్కడే ఆగండి. ముందు కూలర్ మార్చండి, లేదా 10వ విభాగానికి వెళ్లండి.

## 5. స్పీడ్ ముందు, వోల్టేజీ తర్వాత

చాలామంది ముందే 1.40 పెట్టేసి, స్పీడ్ ఎంతవరకు వస్తుందో చూస్తారు. అలా చేస్తే తక్కువ వోల్టేజీతో వచ్చే స్పీడ్‌కి కూడా అనవసరంగా ఎక్కువ వేడి భరించాలి. ఈ వరసలో వెళ్లండి.

1. వీకోర్‌ని మాన్యువల్‌లో పెట్టండి. 4వ విభాగంలో లోడ్ మీద చూసిన విలువకు దగ్గరగా మొదలుపెట్టండి.
2. లోడ్‌లైన్ కాలిబ్రేషన్‌ను మధ్య స్థాయిలో పెట్టండి. బయోస్‌లో 1.28 ఇచ్చినా లోడ్ పడగానే 1.23కి దిగొచ్చు, ఈ సెట్టింగు ఆ దిగుడుని తగ్గిస్తుంది. అంకెల విషయంలో జాగ్రత్త: అసూస్‌లో పెద్ద అంకె అంటే గట్టి స్థాయి, ఎంఎస్‌ఐ, ఏఎస్‌రాక్‌లలో 1 గట్టి స్థాయి. మరీ గట్టిది పెడితే లోడ్ తీసిన క్షణంలో వోల్టేజీ పైకి ఎగురుతుంది.
3. మల్టిప్లయర్ ఒక్క మెట్టు, అంటే 100 మెగాహెర్ట్జ్ పెంచండి. సేవ్ చేసి విండోస్‌లోకి రండి.
4. సినీబెంచ్ పది నిమిషాలు. పాసైతే రాసుకుని మళ్లీ ఒక మెట్టు.
5. హ్యాంగ్, బ్లూ స్క్రీన్, లేదా ప్రోగ్రామ్ దానంతటదే మూసుకుపోతే వీకోర్ 0.01 లేదా 0.02 వోల్టు పెంచి అదే స్పీడ్‌లో మళ్లీ పరీక్షించండి.
6. ఒక మెట్టు ఎక్కడానికి 0.05 వోల్టు కంటే ఎక్కువ అడుగుతుంటే చిప్ తన హద్దుకి వచ్చేసినట్టే. ఒక మెట్టు దిగండి.

ఒకేసారి రెండు సెట్టింగులు మార్చకండి. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం టెన్షన్ తగ్గిపోతుంది.

రైజెన్ వాడేవాళ్లకు నా సలహా వేరు. అన్ని కోర్లకు ఒకే స్పీడ్ బిగిస్తే, ఒకటి రెండు కోర్లు మాత్రమే పనిచేసే గేముల్లో స్పీడ్ తగ్గొచ్చు. బయోస్‌లో పీబీఓ (రైజెన్ తనే స్పీడ్ పెంచుకునే సెట్టింగు) ఆన్ చేసి కర్వ్ ఆప్టిమైజర్‌లో మైనస్ 10తో మొదలుపెట్టి, ఐదేసి చొప్పున కిందకి దిగండి. అది వోల్టేజీ తగ్గించి స్పీడ్ పెంచుకునే దారి.

## 6. వోల్టేజీ తక్కువా, వేడి ఎక్కువా?

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. సిస్టమ్ ఆగిపోయింది అనగానే వోల్టేజీ పెంచుతారు. ఇవి రెండూ వేరు జబ్బులు, ఒకదాని మందు రెండోదానికి విషం.

వోల్టేజీ చాలనప్పుడు చిప్ 75 డిగ్రీల దగ్గరే ఉండగా టక్కున హ్యాంగ్ అవుతుంది, బ్లూ స్క్రీన్ మీద క్లాక్ వాచ్‌డాగ్ టైమ్ అవుట్ లాంటి పేరు కనిపిస్తుంది. ఒక్కోసారి ఏ గోలా లేకుండా నడుస్తూనే ఉంటుంది, కానీ విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో "వీయా లాగర్" పేరుతో హార్డ్‌వేర్ తప్పుల హెచ్చరికలు పేరుకుంటాయి. అవి ఒక్కటి ఉన్నా ఆ సెట్టింగు పాసవనట్టే.

వేడి ఎక్కువైతే చిప్ హద్దును తాకి, స్పీడ్ తనే తగ్గించుకుంటుంది. స్కోరు పెరగాల్సింది పోయి తగ్గుతుంది. ఇప్పుడు వోల్టేజీ పెంచితే ఇంకా వేడి, ఇంకా తక్కువ స్కోరు. ఇక్కడ చేయాల్సింది వోల్టేజీ, స్పీడ్ రెండూ ఒక మెట్టు దించడం.

చిప్ 80 డిగ్రీల్లోనే ఉండి స్పీడ్ పడిపోతుంటే బోర్డు మీది వీఆర్‌ఎం (ప్రాసెసర్ వోల్టేజీ తయారు చేసే భాగం) వేడి చూడండి. చౌక బోర్డుల్లో ముందు అలిసిపోయేది అదే. లిక్విడ్ కూలర్ పెట్టినవాళ్లకు ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే ప్రాసెసర్ చుట్టూ వీచే గాలి లేకుండా పోతుంది.

## 7. ఎక్కడ ఆగాలి

రోజూ వాడే సిస్టమ్‌కి నేను పెట్టుకునే హద్దులు ఇవి. ఇంటెల్ 12వ తరం దగ్గర లోడ్‌లో 1.30 వోల్టులు దాటను. రైజెన్ 5000లో అన్ని కోర్లకూ బిగించిన వోల్టేజీ 1.25 దాటను. వేసవి మధ్యాహ్నం, పూర్తి లోడ్‌లో, హద్దుకు 10 డిగ్రీలు కిందే ఉండాలి. పోటీల కోసం చేసేవాళ్లు ఇంకా పైకి వెళతారు, వాళ్లకు చిప్ పోయినా మరొకటి ఉంటుంది.

రైజెన్‌ని ఆటోలో వదిలేస్తే ఖాళీగా ఉన్నప్పుడు 1.4 పైన కనిపిస్తుంది. "కంపెనీయే 1.4 ఇస్తోంది కదా" అని అదే విలువ మాన్యువల్‌లో పెట్టకండి. అక్కడ ఒక కోర్ మీద తక్కువ కరెంటుతో కొద్ది క్షణాలు వచ్చే విలువ అది. అన్ని కోర్ల మీద, పూర్తి కరెంటుతో, గంటల తరబడి అంటే లెక్క పూర్తిగా మారిపోతుంది.

రైజెన్ 7000 వాడేవాళ్లు ఎస్‌ఓసీ వోల్టేజీని (కోర్లకు కాకుండా చిప్‌లోని మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకు వెళ్లేది) 1.30 దాటనివ్వకండి. 2023లో కొన్ని 7000 సిరీస్ చిప్‌లు కాలిపోయాక ఏఎండీ పెట్టిన హద్దు అది. పాత బయోస్‌తో ఉన్న సెకండ్ హ్యాండ్ బోర్డు కొన్నారంటే ముందు బయోస్ మార్చి, తర్వాతే ర్యామ్ ప్రొఫైల్ ఆన్ చేయండి.

## 8. పొడవాటి పరీక్ష, బర్న్-ఇన్ తేల్చే పరీక్ష

సినీబెంచ్ పాసైనంత మాత్రాన అయిపోలేదు. ప్రాసెసర్‌ని గట్టిగా పరీక్షించే ప్రోగ్రాములు ఓసీసీటీ ఒక గంట, ప్రైమ్95 ఒక గంట నడపండి, తర్వాత రెండు రోజులు మీ మామూలు పని చేసుకోండి. దీన్ని కూడా కొందరు బర్న్-ఇన్ అంటారు, గందరగోళం అక్కడే మొదలవుతుంది. ఇది చిప్‌ని మార్చడానికి చేసేది కాదు, తప్పులు బయటపెట్టడానికి చేసేది. తప్పు దొరికితే దిద్దుకుంటాం, దొరకకపోతే ఆపేస్తాం. 48 గంటలు వేడి మీద ఉడకబెట్టాల్సిన అవసరం ఏమీ లేదు.

బర్న్-ఇన్ వల్ల లాభం ఉందని ఇంకా అనిపిస్తే, చిప్‌కి హాని లేకుండా ఇలా చూసుకోండి:

1. ఒక స్పీడ్ ఎంచుకోండి. ఆ స్పీడ్‌లో ఓసీసీటీ అరగంట పాసయ్యే అతి తక్కువ వోల్టేజీ కనుక్కోండి. ఒకసారి పాసైతే చాలదు, మూడుసార్లు పాసవ్వాలి.
2. గది వేడి, చిప్ వేడి రాసుకోండి.
3. డిఫాల్ట్ సెట్టింగులతో వారం రోజులు మామూలుగా వాడుకోండి.
4. గది అదే వేడిలో ఉన్న వేళ చూసుకుని, అదే బయోస్‌తో, అవే ఫ్యాన్ స్పీడ్‌లతో మొదటి పరీక్ష మళ్లీ చేయండి.

చిప్ వేడి తగ్గి, కావాల్సిన వోల్టేజీ కూడా తగ్గితే పేస్ట్ సర్దుకుందని అర్థం. రెండూ మారకపోతే మారిందేమీ లేదు. వేడి అలాగే ఉండి కావాల్సిన వోల్టేజీ మాత్రం పెరిగితే చిప్ అరుగుతోంది, హద్దులు ఇంకా కిందకి దించండి. మా మేనల్లుడు నోటుపుస్తకంలో పట్టీ గీసుకుని మరీ ఈ పరీక్ష చేశాడు. వాడి చిప్ వేడి 2 డిగ్రీలు తగ్గింది, కొత్తగా పూసిన పేస్ట్ అది. గరిష్ఠ స్పీడ్ మాత్రం ఒక్క మెట్టు కూడా పెరగలేదు.

## 9. తరచూ వచ్చే చిక్కులు

సిస్టమ్ ఆన్ అవుతోంది, తెర మీద ఏమీ రావడం లేదు: కంగారు పడకండి. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టండి. సెట్టింగులు డిఫాల్ట్‌కి వస్తాయి.

పరీక్షలన్నీ పాసై, గేమ్‌లో మాత్రం ఆగిపోతోంది: ర్యామ్ ప్రొఫైల్ ఆపి చూడండి. ఆగిపోవడం పోతే తప్పు ప్రాసెసర్‌ది కాదు.

పొద్దున మొదటిసారి ఆన్ చేసినప్పుడే హ్యాంగ్: లోడ్ లేనప్పుడు వోల్టేజీ చాలడం లేదు. ఆఫ్‌సెట్ మోడ్‌లో (డిఫాల్ట్ వోల్టేజీ నుంచి ఇంత తగ్గించు అని చెప్పే పద్ధతి) మైనస్ ఎక్కువ పెట్టినవాళ్లకు ఇలా వస్తుంది. ఆ మైనస్‌ని కొంచెం తగ్గించండి.

ఎవరి సెట్టింగులో చూసి అలాగే కొట్టాను, నడవడం లేదు: ఒకే మోడల్ చిప్‌లు రెండు ఒకేలా ఉండవు. వాళ్ల 1.25 మీకు 1.31 కావచ్చు. వాళ్ల అంకెలు కాకుండా వాళ్లు వెళ్లిన వరస తీసుకోండి.

ఒక షాపులో "ఓవర్‌క్లాక్ చేసి ఇస్తాం" అంటే ఇచ్చి తెచ్చుకున్నాను, 1.42 వోల్టులు కనిపిస్తోంది: ఇది నాకూ జరిగింది. ఏసీ గదిలో ఐదు నిమిషాలు నడిపి చూపించి ఇచ్చేశారు. వెంటనే డిఫాల్ట్‌కి మార్చి, 4వ విభాగం నుంచి మొదలుపెట్టండి.

## 10. వేసవికి వేరే ప్రొఫైల్

బయోస్‌లో ప్రొఫైల్స్ దాచుకునే చోటు ఉంటుంది. రెండు చేసుకోండి. కార్తీకం నుంచి శివరాత్రి దాకా ఒకటి, ఎండలు ముదిరాక మరొకటి.

వేసవి ప్రొఫైల్‌లో ఓవర్‌క్లాక్ పూర్తిగా తీసేసి, వోల్టేజీని డిఫాల్ట్ కంటే 0.05 తగ్గించి చూడండి. పాసైతే ఇంకో 0.01. నా 12600కె ఇలా డిఫాల్ట్ స్పీడ్‌లోనే 9 డిగ్రీలు తగ్గింది, స్కోరు ఒక్క శాతం కూడా పోలేదు. డాబా కింద గదిలో ఏసీ లేకుండా చదువుకునే కుర్రాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: మార్చి నుంచి జూన్ దాకా వోల్టేజీ పెంచే మాట పక్కన పెట్టి, తగ్గించే పని చేయండి.

ప్రొఫైల్ మార్చిన రోజు ఈ మూడూ చేయండి:

- మధ్యాహ్నం రెండు గంటలకు సినీబెంచ్ పది నిమిషాలు
- ఈవెంట్ వ్యూయర్‌లో వీయా హెచ్చరికలు ఉన్నాయేమో చూడటం
- నోటుపుస్తకంలో తేదీ, గది వేడి, చిప్ వేడి, వీకోర్ రాసి పెట్టడం